ర్యాక్ వెనక దాచిన నవల

ప్రశ్న:

మేడమ్, నమస్తే. నాకు 33 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక బ్రాంచి లైబ్రరీలో ఆరేళ్లుగా ఔట్‌సోర్సింగ్ మీద పనిచేస్తున్నాను. కౌంటర్‌లో ఇష్యూ, రిటర్న్ చూసేది నేనే. రాత్రి తలుపులు వేసేదీ నేనే. పగలంతా గ్రూప్స్‌కి చదివే పిల్లలతో హాలు నిండిపోతుంది. నవలల వాళ్లు సాయంత్రం వస్తారు. వాళ్లలో ఎక్కువమంది అడిగేది సస్పెన్స్, క్రైమ్, హారర్. 'ఇది ఎలా ఉంది మేడమ్?' అంటే చెప్పగలగాలని నేనూ చదవడం మొదలుపెట్టాను. హత్య ఎవరు చేశారో కనిపెట్టే నవలలైతే అన్నం తింటూ కూడా చదివేస్తాను. కొన్ని మాత్రం చదువుతుంటే ఒళ్లు చల్లబడిపోతుంది. రెండు నెలల కింద చేతబడి మీద రాసిన ఒక పాత నవల ఇంటికి తీసుకెళ్లాను. రెండు రాత్రుల్లో సగం చదివి మూసేశాను. ఆ తర్వాత మూడు వారాలు సరిగ్గా నిద్ర లేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు ఉలిక్కిపడి లేస్తాను. సాయంత్రం చివరి ర్యాకుల వైపు వెళ్లాలంటే టెన్షన్. 'గా సంపుడు పుస్తకాలు ఇంట్ల ఎందుకు పెడ్తవ్?' అని మా అత్తమ్మ గొడవ. 'భయమైతే చదవడం ఎందుకు?' అని మా ఆయన.

ఇంకో సంగతి. ఆ నవలను తిరిగి తెచ్చాక దాని చోట పెట్టలేదు. పాత బైండు వాల్యూముల వెనక దాచాను. డిగ్రీ చదివే అబ్బాయి ఒకడు వచ్చి, పేరు చెప్పి మరీ ఆ నవలే అడిగితే 'పోయింది' అన్నాను. అప్పట్నుంచి మనసు బాగాలేదు. లైబ్రరీలో పనిచేసేవాళ్లు ఎలాంటి పుస్తకమైనా తట్టుకోగలగాలా? నాలో ఏమైనా లోపం ఉందా? చిన్నప్పుడు మెదక్ వైపు మా ఊళ్లో, చేతబడి చేస్తుందని ఒక ముసలమ్మను చెట్టుకు కట్టేసి కొట్టడం చూశాను. దానికీ దీనికీ సంబంధం లేదు, ఊరికే రాశాను.

- ఒక లైబ్రరీ ఉద్యోగి, హైదరాబాద్

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ చివరి రెండు వాక్యాల దగ్గరే ఆగిపోయాను. సంబంధం లేదన్నారు. ఉందనే నాకనిపిస్తోంది. దాని గురించి తొందరపడి మాట్లాడటం ఇష్టం లేక చివరికి ఉంచుకున్నాను. ముందు ఆ అబ్బాయి సంగతి చూద్దాం. అది రేపే సరిచేసుకోగలిగిన పని.

పొద్దున వెళ్లగానే ఆ నవలను బైండు వాల్యూముల వెనక నుంచి తీసి, దాని నంబరు ప్రకారం ర్యాక్‌లో పెట్టేయండి. అబ్బాయి వచ్చినప్పుడు 'వెతికితే దొరికింది' అని ఇంకో అబద్ధం ఆడకండి. 'ఆ రోజు లేదని చెప్పాను బాబూ, ఉంది. అది చదివి నాకు చాలా భయమేసి పక్కన పెట్టేశాను. నేను అలా చేయకూడదు. ఇదిగో తీసుకో' అని ఉన్నదున్నట్టు చెప్పండి. అతను మిమ్మల్ని తక్కువగా చూస్తాడేమోనని బెంగ వద్దు. ఆ వయసు పాఠకుడు ఇలాంటి మాట పెద్దవాళ్ల నోట విని ఉండడు. ఆ తర్వాత మీరు ఏ పుస్తకం గురించి ఏం చెప్పినా నమ్ముతాడు.

నేను ఈ ఊళ్లోనే కౌంటర్ వెనక చాలా ఏళ్లు కూర్చున్నదాన్ని. ఎనభైల చివర్లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇంటర్ చదివే పిల్లాడు ఒకడు రెండు రోజులకోసారి వచ్చి దెయ్యాల నవలలు, మంత్రగాళ్ల నవలలు తీసుకెళ్లేవాడు. నాకు వాటి అట్టలు చూస్తేనే పడేది కాదు. ఒకరోజు అతను తెచ్చుకున్న పుస్తకం పక్కకు నెట్టి, 'ఇవి చదివితే బుర్ర పాడవుతుంది, ఇది చదువు' అని ఒక మహానుభావుడి జీవిత చరిత్ర చేతిలో పెట్టాను. ఏమీ అనకుండా తీసుకున్నాడు. వారం తర్వాత తెచ్చి ఇచ్చాడు. పేజీలు విప్పిన గుర్తు కూడా లేదు. ఆ తర్వాత మళ్లీ రాలేదు. అతని సభ్యత్వ టికెట్ మాత్రం ట్రేలో ఏళ్ల తరబడి ఉండిపోయింది. పాత టికెట్లు ఏరి పారేసేటప్పుడు దాన్ని తీయడానికి నాకు చేతులు రాలేదు. అతను చదవడమే మానేశాడో, వేరే చోట చేరాడో నాకు తెలియదు. నేను మాత్రం ఒక పాఠకుణ్ని పోగొట్టాను.

మీరు లైబ్రరీ సైన్సు చదివి ఉంటే, మన దేశంలో ఆ శాస్త్రానికి పునాది వేసిన రంగనాథన్ గారి పంచ సూత్రాలు పరీక్ష కోసం బట్టీ పట్టే ఉంటారు. 1931లో ఆయన రాసిన వాటిలో రెండోది ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం దొరకాలని, మూడోది ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలని. నేనూ బట్టీ పట్టాను, మార్కులూ తెచ్చుకున్నాను. ఆ పిల్లాడు రావడం మానేసిన తర్వాతే ఆ రెండు వాక్యాలు నాకు అర్థమయ్యాయి. మీ భయం మీది. ఆ నవల ఆ అబ్బాయిది. మీరు ఆ రెంటినీ ఒకే ర్యాక్ వెనక దాచారు. ఇందులో మీ దుర్మార్గం ఏమీ లేదు. నిద్ర లేని మనిషి చేసిన పని అది.

ఇక మీ అసలు ప్రశ్న. అన్నీ తట్టుకోగలగాలా? అక్కర్లేదు. మందుల షాపులో కూర్చున్నవాళ్లు ప్రతి మందూ మింగి చూడరు కదా. ఏది దేనికో తెలిస్తే చాలు. అయితే మీరు చదివి చూడాలనుకున్నారు. ఆరేళ్లుగా ఔట్‌సోర్సింగ్ జీతం మీద పనిచేస్తూ, ఎవరూ అడగకుండానే, పాఠకుడికి సరైన మాట చెప్పాలని ఇంటికి పుస్తకాలు మోసుకెళ్లి చదివారు. అలాంటి మనిషి కౌంటర్‌లో ఉండటం మీ లైబ్రరీకి వచ్చేవాళ్ల అదృష్టం. ముందు ఈ మాట నమ్మండి.

మీ ఉత్తరంలోనే ఒక మంచి ఆధారం ఉంది. హత్య ఎవరు చేశారో కనిపెట్టే నవల అన్నం తింటూ చదివేస్తానన్నారు. చేతబడి నవల సగంలో మూసేశానన్నారు. చీకటి కథలన్నీ ఒకటి కాదని మీ ఒంటికి తెలుసు. డిటెక్టివ్ నవలలో శవం ఒక లెక్క లాంటిది. మొదటి పేజీల్లోనే మనిషి చనిపోయి ఉంటాడు. అతని మీద మనకింకా మమకారం పుట్టదు. ఎవరు, ఎలా, ఎందుకు అని బుర్ర పనిచేస్తూ ఉంటే గుండె ఖాళీగా ఉంటుంది. చివర్లో ఒక తెలివైన మనిషి వచ్చి ముడులన్నీ విప్పుతాడు. లోకం మళ్లీ సర్దుకుంటుంది. సస్పెన్స్ నవల అలా కాదు. అందులో జరగబోయేది మనకు ముందే కొంత తెలుస్తుంది, పాత్రకు తెలియదు. తలుపు వెనక ఎవరో ఉన్నారని మనకు తెలుసు, ఆ అమ్మాయి పాట పాడుకుంటూ తలుపు తీయబోతోంది. చెప్పడానికి వీల్లేక మనం అవస్థ పడతాం. ఆ అవస్థే ఆ కథ బలం. హంతకుడి మనసులోంచి చెప్పే కథలు ఇంకో రకం. అక్కడ భయం కన్నా ఎక్కువ మనల్ని పట్టుకునేది అసహ్యం, ఒక్కోసారి అతని మాట మనకు సబబుగా అనిపించిందే అన్న కంగారు. ఇక దెయ్యాలు, చేతబడుల కథల్లో శత్రువుకి గోడలు అడ్డం రావు. తలుపు గడియ పెట్టుకున్నా లాభం లేదు. ఇంట్లో అందరూ పడుకున్నాక ఒంటరిగా చదివే మనిషికి ఇవి మిగతావాటి కన్నా ఎక్కువ అంటుకోవడానికి కారణం అదేననుకుంటాను.

ఇవన్నీ ఒకే ర్యాక్‌లో, ఒకే వరసలో ఉంటాయి. పుస్తకాలను వర్గీకరించే డ్యూయీ పద్ధతిలో 894.827 అన్న నంబరు అది తెలుగు సాహిత్యం అని చెబుతుంది. లోపల ఏ రకం భయం ఉందో చెప్పదు. అది చెప్పగలిగింది మీరే.

రాత్రి సంగతి కొంచెం వివరంగా చెబుతాను. ఇక్కడ మీరు చేసిన పొరపాటు ఒకటి ఉంది, సులువుగా దిద్దుకోవచ్చు. మీరు చదివింది పాత నవల అన్నారు. డెబ్భైల్లో, ఎనభైల్లో వచ్చిన ఇలాంటి నవలల్లో చాలావరకు ముందు వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చినవే. మీరు ఏ బైండు వాల్యూముల వెనక దాచారో అవి చూడండి. వాటిలో కొన్నయినా, ఎవరో ఇల్లాలు వారం వారం పత్రికలోంచి పేజీలు చింపి, సూదీదారంతో కుట్టి, అట్ట వేయించినవి అయి ఉంటాయి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇప్పుడు కూడా అలాంటివి కనిపిస్తే నేను ఆగి చేతిలోకి తీసుకుంటాను. వాటిలో ప్రతి ఏడెనిమిది పేజీలకూ ఒక 'సశేషం' ఉంటుంది. పాఠకుడు వారం పాటు ఆగి మళ్లీ పత్రిక కొనాలి కాబట్టి, సరిగ్గా గొంతులో ప్రాణం ఉన్న చోట ఆపేవారు. కానీ అప్పటి పాఠకురాలికి ఆ 'సశేషం' తర్వాత వారం రోజులు దొరికేవి. వంట, నీళ్లు, పిల్లల బడి, పక్కింటావిడతో ఆ కథ మీదే చర్చ, ఇన్ని జరిగాక మళ్లీ భయపడేది. మీరు అలాంటి ఇరవై ముడులను రెండు రాత్రుల్లో, ఎవరితోనూ మాట్లాడకుండా మింగారు. దాదాపు ఐదు నెలల భయం రెండు రాత్రుల్లో ఒంట్లోకి పోతే నిద్ర ఎలా పడుతుంది?

తెగని పని మనసులో ఎక్కువ నిలుస్తుందని బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1927లోనే ప్రచురించారు. ఆవిడ పరిశోధనలో మనుషులకు పూర్తిచేసిన పనుల కన్నా మధ్యలో ఆపించిన పనులే బాగా గుర్తున్నాయి. సగంలో మూసిన నవల కూడా అలాంటిదే. కాబట్టి ఇకమీదట అధ్యాయం చివర ఆపకండి. అధ్యాయం చివర అనేది మిమ్మల్ని పట్టి ఉంచడానికి కట్టిన చోటు. తర్వాతి అధ్యాయంలో రెండు మూడు పేజీలు చదివి, ముడి కాస్త వదులైన చోట, ఎవరో టీ తాగుతున్న చోట ఆపండి. పడుకునే ముందు కాకుండా మధ్యాహ్నం భోజనం వేళ చదవండి. మరీ గుండె దడగా ఉంటే చివరి అధ్యాయం ముందే చదివేయండి. అది పాఠకురాలిగా తప్పేమీ కాదు. 2011లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు చిన్న కథలతో ఒక ప్రయోగం చేసి, ముగింపు ముందే తెలిసినవాళ్లు కథను ఎక్కువగా ఇష్టపడ్డారని చూపించారు. నేను ముప్ఫై ఏళ్ల నుంచి చివరి పేజీ ముందు చూసే మనిషిని. దానివల్ల నాకు ఏ నవలా చప్పబడిపోలేదు. ముగింపు తెలిసినప్పుడు ఆ రచయిత నన్ను ఎక్కడెక్కడ భయపెట్టారో, ఎలా భయపెట్టారో నిదానంగా చూడగలిగాను.

మీ ఆయన అడిగింది మంచి ప్రశ్నే. భయమైతే చదవడం ఎందుకు? చదువుతున్నది కథేనని బుద్ధికి తెలుసు. ఒంటికి మాత్రం ఆ తేడా అంత బాగా తెలియదు. గుండె కొట్టుకుంటుంది, అరచేతులు చెమర్చుతాయి, అడ్రినలిన్ ఊరుతుంది. ఆ పరుగు తగ్గి, నేను ఇక్కడే ఉన్నాను, ఫ్యాన్ తిరుగుతోంది, పక్కన పాప నిద్రపోతోంది అని తెలిసినప్పుడు వచ్చే ఊరట చాలా హాయిగా ఉంటుంది. ఆ హాయి కోసమే కొందరు చదువుతారు. మన పెద్దవాళ్లు దీని గురించి చాలా ముందే ఆలోచించారు. నాట్యశాస్త్రంలో భరతముని చెప్పిన ఎనిమిది రసాల్లో భయానకం ఒకటి, బీభత్సం ఒకటి. వాటిని శృంగార వీరాలతో సమానంగా పంక్తిలో కూర్చోబెట్టారు. కాశ్మీరంలో వెయ్యేళ్ల కిందటి అభినవగుప్తుడు, నాట్యశాస్త్రానికి వ్యాఖ్యానం రాసినాయన, భయం ఎలా రసమవుతుందో చెప్పడానికి కాళిదాసు శాకుంతలంలో మొదటి అంకంలోని లేడిని ఉదాహరణగా తీసుకున్నాడు. దుష్యంతుడి రథం తరుముతుంటే అది మెడ తిప్పి తిప్పి చూస్తూ పరుగెడుతుంది. సగం నమిలిన దర్భ అలుపుతో తెరుచుకున్న నోట్లోంచి దారంతా రాలుతూ ఉంటుంది. అది చదివినప్పుడు మనకు కలిగేది 'నాకు భయంగా ఉంది' అనే భయం కాదు, 'పాపం దానికి భయంగా ఉంది' అనేదీ కాదు. ఎవరిదీ కాని, ఉత్త భయం. అందుకే దాన్ని ఆస్వాదించగలుగుతాం అంటాడాయన. రసానికి అడ్డొచ్చే వాటిని కూడా ఆయనే లెక్కపెట్టాడు. వాటిలో ఒకటి, చూసేవాళ్లు తమ సొంత సుఖదుఃఖాలకు లోబడిపోవడం. ఈ మాట గుర్తుంచుకోండి. చివర్లో మళ్లీ కావాలి.

మీ అత్తమ్మగారితో వాదన పెట్టుకోకండి. ఆవిడకు చావు కథలు కొత్త కాదు. ఈసారి ఎంగిలిపూల బతుకమ్మ నాడు తంగేడు పువ్వు పేరుస్తున్నప్పుడు, 'ఈ పువ్వు కథ మీకు తెలుసా అత్తమ్మా?' అని అడిగి చూడండి. బతుకమ్మ పుట్టుక గురించి చెప్పుకునే కథల్లో ఒక దాంట్లో, వదినా మరదళ్లు చెరువులో స్నానానికి వెళతారు. గట్టు మీద పెట్టిన బట్టలు కలిసిపోతాయి. ఒకరి చీర ఒకరు కట్టుకున్నారని గొడవై, వదిన మరదలి గొంతు నులిమి చంపి గట్టు మీదే పాతిపెడుతుంది. ఆ పిల్లే తంగేడు చెట్టై పూసిందంటారు. ఆడవాళ్లు తమ ఇళ్లలో జరిగేవాటిని ఎన్ని తరాలుగా కథల్లో దాచి చెప్పుకున్నారో చూడండి. ఆవిడకు ఆ కథ వస్తే మీకు పూర్తిగా చెబుతారు. రాకపోతే మీరు చెప్పండి. 'సంపుడు పుస్తకాల' గొడవ ఆ తర్వాత కొంత తగ్గుతుందని నా నమ్మకం. తగ్గకపోతే, పుస్తకం లైబ్రరీలోనే చదివి రండి. ఇంట్లో ప్రశాంతత కూడా కావాలి కదా.

రాత్రి ఒంటరిగా తలుపులు వేయడం గురించి ఒక్క మాట. దీన్ని నవల మీదికి నెట్టకండి. ఒక ఆడమనిషి రాత్రిపూట ఖాళీ భవనంలో లైట్లు ఆర్పి, తాళం వేసి, బస్సు కోసం నడవడం నవల చదవనివాళ్లకూ భయమే. చివరి ర్యాకుల దగ్గర ట్యూబ్‌లైట్ వెలుగుతోందా? ముందు అది వేయించండి. మూసేవరకు ఇంకొకరు ఉండేలా చూడమని మీ పై అధికారికి కాగితం మీద రాసివ్వండి. నోటిమాటగా వద్దు. చదువుకునే ఆడపిల్లలు మూసేదాకా ఉంటారు కదా, ఆ పదినిమిషాలు వాళ్లను తోడు ఉండమనండి. సంతోషంగా ఉంటారు.

కౌంటర్‌లో మాట్లాడే పద్ధతి చెబుతాను. ఆ పిల్లాడు రావడం మానేసిన తర్వాత నేను ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. బాగుంది, బాగాలేదు అన్న మాటలు అందులో రాయకూడదని నియమం. ప్రతి నవలకూ నాలుగు ముక్కలు: భయం ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరికి హాని జరుగుతుంది, ఎంత వివరంగా రాశారు, చివరికి ఊపిరి తీసుకోనిస్తుందా లేదా. ఎవరైనా అడిగితే అదే చెప్పేదాన్ని. 'ఇందులో పసిపిల్లకు ప్రాణాపాయం ఉందమ్మా, మీరు బాలింత కదా, ఇంకొకటి చూడనా?' అంటే ఒకావిడ నా చేయి పట్టుకున్నారు. 'ఇది ముడి విప్పకుండానే ముగుస్తుంది' అని ఒకాయనకు చెబితే 'అదే కావాలి' అని తీసుకెళ్లారు. నాకు నచ్చిందా లేదా అని ఎవరైనా ప్రత్యేకంగా అడిగితే దాచకుండా చెప్పేదాన్ని, కానీ అది నా సంగతి అని చెప్పి చెప్పేదాన్ని. మీరు కూడా రాసుకోండి. సగంలో మూసిన నవల గురించి కూడా రాయవచ్చు. 'నేను సగం వరకే చదివాను, అక్కడి వరకు ఇలా ఉంది' అనడం నిజమైన సమాచారమే. ఎక్కువ భయపడేవాళ్లు ఈ పని బాగా చేస్తారని నేను గమనించాను. ఏమీ అంటని మనిషికి ఏ పేజీలో ఏం ఉందో గుర్తుండదు.

ఇప్పుడు మీ ఊరి సంగతి.

మీరు చదివిన ఆ నవల ఏదో నాకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఆ రకం నవలల్లో సాధారణంగా చేతబడి నిజం. చేసేవాళ్లు నిజంగానే ఉంటారు, మంత్రం నిజంగానే పనిచేస్తుంది, ఎవరి మీద అనుమానం వచ్చిందో వాళ్లే దోషులుగా తేలతారు. ఆ డిగ్రీ అబ్బాయికి అది ఊహా లోకం, సిటీలో పుట్టి పెరిగినవాడికి రాక్షసుల కథ ఎంతో అదీ అంతే. మీకు అలా కాదు. మీ ఊరివాళ్లు ఆ రోజు ఏమని నమ్మి ఆ ముసలమ్మను కట్టేశారో, ఈ పుస్తకం పేజీ పేజీకీ అదే నిజం అంటోంది. ఆ చెట్టు దగ్గర నిలబడ్డ గుంపు చెప్పిన కథను రచయిత మీకు మళ్లీ చెబుతున్నాడు. అందులో ఆ ముసలమ్మ మాట ఎక్కడా లేదు. మీరు పుస్తకం మూసింది పిరికితనం వల్ల అని నేను అనుకోను.

మన తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి అనే అనుమానంతో మనుషుల్ని కొట్టారు, మంత్రం పలకకూడదని పళ్లు ఊడగొట్టారు, చంపారు కూడా. ఎవరి మీద పడుతుంది ఆ అనుమానం? ఎక్కువగా ఒంటరిగా బతికేవాళ్ల మీద, ముసలివాళ్ల మీద, పేదల మీద, అడిగేవాళ్లు లేనివాళ్ల మీద. ఊళ్లో ఎవరికో అంతుపట్టని జబ్బు చేస్తుంది, ఎవరిదో గేదె చచ్చిపోతుంది, ఎవరి ఒంటి మీదో దద్దుర్లు వస్తాయి. డాక్టరు దూరంలో ఉంటాడు. ఆమె గుడిసె దగ్గర్లో ఉంటుంది. సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక వాళ్లు ఊరూరా తిరిగి నిమ్మకాయలోంచి రక్తం ఎలా వస్తుందో, చేతిలో మంట ఎలా పుడుతుందో చేసి చూపించింది ఈ హత్యలు ఆగాలనే.

నా ఊహ తప్పు కావచ్చు, తప్పైతే క్షమించండి. ఆ వయసులో మీరు కూడా ఆమెను చూసి భయపడి ఉంటారు. ఆమె ఇంటి ముందు నుంచి వెళ్లేటప్పుడు పరుగెత్తి ఉంటారు. పెద్దలు ఏం చెబితే పిల్లలు అదే నమ్ముతారు. ఆ రోజు కొడుతుంటే చూస్తూ నిలబడ్డ చిన్నపిల్ల ఏం చేయగలదు? ఏమీ చేయలేదు. చేయలేకపోవడం మీ తప్పు కాదు. అయినా అది లోపల ఉండిపోతుంది. అభినవగుప్తుడి మాట గుర్తుంచుకోమన్నది ఇందుకే. ఆ లేడి భయం ఎవరిదీ కాదు కాబట్టి అందులో అందం చూడగలిగాం. ఈ నవల దగ్గర మీ భయానికి ఊరుంది, చెట్టుంది, తాడుంది, ఒక మనిషి ఉంది. దాన్ని రసంగా ఆస్వాదించమని ఏ శాస్త్రమూ మిమ్మల్ని అడగదు. ఆ నవల మిగతా సగం మీరు ఎప్పటికీ చదవకపోయినా ఫరవాలేదు. మిగతా సస్పెన్స్ నవలలు హాయిగా చదువుకోండి.

నిద్ర గురించి మాత్రం అశ్రద్ధ చేయకండి. మూడు వారాలు చిన్న విషయం కాదు, ఇప్పటికీ ఉలిక్కిపడి లేస్తున్నానన్నారు. అలా లేచినప్పుడు కనిపించేది నవలలోని దృశ్యమా, ఊళ్లోని దృశ్యమా? మీకు మీరు జవాబు చెప్పుకోండి. రెండోదైతే, అది పుస్తకం మానేస్తే పోయేది కాదు, ఒకరితో మాట్లాడాలి. టెలి మానస్ అని ప్రభుత్వ సహాయ లైన్ ఉంది, నంబరు 14416. ఏ వేళైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. అక్కడ చాలదనిపిస్తే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లండి. 'పిచ్చి డాక్టరు' అని ఎవరైనా అంటే అననివ్వండి. చిన్నప్పుడు చూసిన హింస పెద్దయ్యాక ఏదో ఒక వాసనతో, ఒక మాటతో, ఒక పేజీతో పైకి రావడం వాళ్లు రోజూ చూసేదే.

ఆ అబ్బాయికి నవల ఇచ్చేటప్పుడు ఇంకో పని చేయగలరా? అతను చదివి తిరిగి ఇచ్చినప్పుడు, మనసు ఒప్పితేనే, మా ఊళ్లో ఇలా జరిగింది అని చెప్పండి. నీతిపాఠంలా వద్దు. కథంటే ఇష్టం ఉన్న ఒక పాఠకుడికి ఇంకో పాఠకురాలు చెబుతున్నట్టు చెప్పండి. బాణామతి మీద హేతువాదులు రాసిన పుస్తకాలు మీ ర్యాకుల్లోనే ఒకటో రెండో ఉంటాయి. అడిగితే తీసివ్వండి, అడగకపోతే వదిలేయండి. నేను ఆ ఇంటర్ పిల్లాడికి జీవిత చరిత్ర ఇచ్చినట్టు మాత్రం ఇవ్వకండి.

మీ ఉత్తరంలో ఆమెను 'ముసలమ్మ' అని రాశారు. ఆ పూట తర్వాత ఆమె బతికిందో లేదో కూడా రాయలేదు. ఈసారి మీ అమ్మగారికి ఫోన్ చేసినప్పుడు ఆమె పేరేమిటో అడగండి. తెలిస్తే నాకు రాయండి.